బస్వరాజ్‌కు చెప్పని మాట

"ఈసీజీ! ఈసీజీ కావాలె, జల్దీ!" అని అరుచుకుంటూ కాంపౌండర్ షరీఫ్ లోపలికి ఉరికాడు.

వరండాలో ఉన్న మల్లప్పకు ఆ మాట చివరి 'జీ' ఒక్కటే పట్టింది. ఎవరో పెద్దమనిషి అనుకున్నాడు పాపం. "ఆ ఈసీజీ సాబ్ ఇల్లు ఏడ? మోటర్‌సైకిలుంది, కూసోబెట్టుకొని వస్త!" అంటూ బొంబాయి రోడ్డెక్కి, కనబడిన ప్రతి తెల్లచొక్కాను "మీరేనా ఈసీజీ?" అని ఆపసాగాడు.

విరూపాక్ష పోయి రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. "మనిషి కాదురా మల్లప్పా, మిషిని! గుండె కొట్టుకునేది కాయితం మీద గీసే మిషిని!"

అంత భయంలోనూ వరండా గొల్లుమంది. విరూపాక్ష నోరు తెరిస్తే జహీరాబాదుకు నవ్వే. పేరులో విరూపం తండ్రి పెట్టింది, మాటలో విరుపు తన సొంతం! చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే గుమాస్తా ఆయన. పొద్దంతా తూచి తూచి విసిగాడో ఏమో, మాటను మాత్రం తూచకుండానే వదిలేవాడు.

లోపల మంచం మీద ఉన్నది ఆయన చిన్ననాటి దోస్తు బస్వరాజ్. చిరాగ్‌పల్లి రైతు, మల్లప్పకు అన్న. పొద్దున ఫ్యాక్టరీ గేటు ముందర చెరుకు బండి మీదే ఛాతీ పట్టుకుని ఒరిగిపోయాడు. దారిన పోయే జీపునాపి విరూపాక్షే డాక్టర్ ఇంద్రసేన దవాఖానకు తెచ్చాడు. 1983 నాటి సంగతి. ఆరు మంచాలు, ఒక ఆక్సిజన్ సిలిండర్, ఆ మిషిని, అంతే. అంతకు మించి కావాలంటే గతుకుల రోడ్డు మీద మూడు గంటలు పోయి పట్నం చేరాలె.

కాయితం చూసిన డాక్టరు విరూపాక్షను పక్కకు పిలిచాడు.

"గుండెపోటు, పెద్దదే. ఇంజెక్షన్‌కు నొప్పి తగ్గింది గాని, గుండె ఇంకా పచ్చిపుండే. ఇప్పుడు పట్నం తీస్కపోతే దారిలోనే పోతడు. రెండు రోజులు చూద్దాం. మంచం దిగొద్దు. ఒంటికీ రెంటికీ గుడ దిగొద్దు. ఆయనకు, ఇంటోళ్ళకు మీరే చెప్పున్రి. మీ మాటైతే ఇంటడు."

విరూపాక్ష తల ఊపాడు. ఊపాడే గాని, మన దిక్కు రోగికి రోగం పేరు చెప్పే ఆనవాయితీ ఎక్కడిది? చెబితే రోగం కన్నా ముందు భయమే మింగేస్తుందని అందరి నమ్మకం.

బస్వరాజ్ ముక్కుకు గొట్టం, కళ్ళలో బెదురు. పక్కన భార్య నర్సమ్మ, కొంగు నోట్లో కుక్కుకొని.

"ఏమన్నడురా డాక్టరు? నిజం చెప్పు."

'ఎంత పోటుగాడివైనా పోటొచ్చింది రా, కదలకుండ పండుకో' అన్న మాట విరూపాక్ష నాలుక కొసదాకా వచ్చింది. పుట్టిన కాణ్నుంచి ఒక్క శ్లేషనూ మింగని మనిషి, ఆ ఒక్కదాన్ని మింగాడు. కక్కి ఉంటే ఎంత బాగుండేది!

"గ్యాసురా! వట్టి గ్యాసు. వంటింట్ల గ్యాసు బండకు కాళ్ళుండయి గాని, నీ కడుపుల దానికుంటయి. నాలుగడుగులేస్తే అదే లేచి పోతది!"

బస్వరాజ్ గొట్టంతోనే నవ్వాడు. నర్సమ్మ నోట్లోంచి కొంగు తీసింది. "నిజమేనా అన్నా?"

"నీకు అబద్ధం చెప్తనా చెల్లే?"

రేపు మెల్లగా అసలు సంగతి చెబుదామనుకున్నాడు. గేటు దగ్గర బండ్లు ఆగి ఉన్నాయి, చెరుకు సీజను. డ్యూటీకి పోయాడు.

మధ్యాహ్నం షరీఫ్ మంచం మీదికే పాత్ర తెచ్చాడు.

"థూ! ఆరడుగుల మనిషిని, పండుకొని పొయ్యాల్నా? గ్యాసే గద!" అని లేచాడు బస్వరాజ్.

"వద్దు పటేలా, డాక్టర్ సాబ్ దిగొద్దన్నరు" అని షరీఫ్ బతిమాలాడు.

"నడిస్తే పోతదని విరూపాక్షన్న చెప్పిండు" అని నర్సమ్మే చెయ్యి అందించింది.

వెనక దొడ్డిదాకా నడిచాడు. తిరిగి వస్తూ నల్లా దగ్గర కూలిపోయాడు. డాక్టరు చెప్పులు లేకుండా ఉరికివచ్చి ఛాతీ మీద నొక్కాడు, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాడు. షరీఫ్ సిలిండర్‌ను దొర్లించుకుంటూ తెచ్చాడు. అరగంట నొక్కి, అప్పుడు చేతులు తీశాడు డాక్టరు.

మూడో దినం చిరాగ్‌పల్లిలో ఆ ఇంటి ముందర ట్రాక్టరు మోగుతోంది. ట్రాలీలో పదిమంది, చేతుల్లో కట్టెలు. "గుండెనొప్పిని గ్యాసంటడా? వాడేం డాక్టరు? దవాఖాన తలుపులు ఊడబీకుతం పాన్రి!" అని స్టీరింగు ముందు మల్లప్ప. "నా చేతులతోనే నడిపించి చంపుకుంటి" అని అరుగు మీద నర్సమ్మ.

విరూపాక్ష అందరి వెనక నిలబడి ఉన్నాడు. డాక్టరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదని ఆయనకు తెలుసు. తను నోరు మూసుకుంటే డాక్టరు తనతో అన్న మాట ఎప్పటికీ బయటికి రాదు. దవాఖానలో ఏమవుతుందో మాత్రం ఇంకో పావుగంటలో తేలిపోతుంది. కాళ్ళీడ్చుకుంటూ ట్రాక్టరు ముందుకు వచ్చాడు.

"ఆగున్రి. గ్యాసన్నది డాక్టరు కాదు. నేను."

ట్రాలీలో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఏళ్ళ అలవాటు మరి. ఇంకొకడు "తర్వాతేంది మామా?" అని జోకులో మిగతా సగం అడిగాడు.

"నవ్వకున్రి. గుండెపోటని డాక్టరు నాకు సాఫ్‌గ చెప్పిండు. మంచం దిగొద్దన్నడు, మీకందరికి చెప్పుమన్నడు. బస్వరాజ్ భయపడి చస్తడని నేనే గ్యాసని కల్పించిన. నడువుమన్నది గుడ నేనే. డాక్టరు తప్పు లేదు. షరీఫ్ తప్పు లేదు. నర్సమ్మది అసలే లేదు."

మల్లప్ప వంగి ఇంజను బంద్ చేశాడు. ట్రాలీలోంచి ఒక్కొక్కరే దిగారు.

నర్సమ్మ అరుగు మీదినుంచి తలెత్తి చూసింది.

"భయపడితే పడనిస్తే ఏమయ్యేది అన్నా" అంది. "ఆ భయంతోనన్నా మంచం దిగకుండ ఉంటుండె."