తెలియకపోతే ముట్టుకోకు

"అది అంతా తుడిచేస్తే ఏం చేస్తావే?" అంది తల్లి, కూతురు కంప్యూటర్ ఇంకా తెరవకముందే.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడు ఎంచడం ముగిసేసరికే పొద్దుగుంకేది. మేలుకు ఏనాడూ వంతు రాలేదు.

"ఏదమ్మా తుడిచేసేది?"

"నీ ఏజెంటు. పోయినవారం ఊడ్చిపెట్టిందిగా."

కూతురిది గొప్ప ఉద్యోగం. ఏ రోగి ఏ రోజు ఏ డాక్టరు దగ్గరికి రావాలో ఆస్పత్రులు డేటాబేసుల్లో దాచుకుంటాయి. అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడడానికి పరీక్షించే టూల్స్ ఉంటాయి. ఒకప్పుడు వాటిని మనుషులు వాడేవారు, ఇప్పుడు ఏఐ ఏజెంటు వాడుతుంది. ఏ టూల్ ఎలా వాడాలో దానికి చెబుతూ కూతురు పుస్తకం రాస్తుంది. మనుషుల కోసం రాసిన పుస్తకాన్ని మనుషులు ఎటూ చదవరు కాబట్టి ఇన్నాళ్లూ తప్పులు బయటపడలేదు. ఏజెంటు అక్షరం వదలకుండా చదువుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

పోయినవారం ఆమె రాసిన వాక్యం ఒక్కటే: "పరీక్ష అయ్యాక పట్టికలు ఖాళీ చేయాలి." పరీక్ష కోసం వేసిన ఉత్తుత్తి పేర్లు తీసేయమని ఆమె ఉద్దేశం. ఏజెంటుకు శుభ్రత ఎక్కువ. నాలుగువేల మంది రోగుల్ని ఒక్క ఊపున ఊడ్చేసి, పని పూర్తయిందని సంబరంగా చెప్పింది. అదృష్టం బాగుండి అది నకలు డేటాబేస్. మేనేజరు గొంతు కూడా పెంచలేదు. "గురువారం మూడింటికి నా ఎదుట మళ్లీ నడుపుదాం. ఈసారీ ఇంతే అయితే మీరు కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. ఆ ఆఫీసులో విశ్రాంతికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చిన దాఖలా లేదు.

ఇవాళ గురువారం. రెండు దాటింది.

"నలభై పేజీలు రాశానమ్మా. ఇంకేం మిగల్లేదు."

"చదువు, వింటా."

"నీకేం అర్థమవుతుంది?"

"ఎనిమిదో తరగతి దాకా వెళ్లాను. తుడిచెయ్యడమంటే ఏంటో ఒకటో తరగతిలోనే పలక మీద చూపించారు."

కూతురు నిట్టూర్చి చదివింది. తల్లి కూరగాయల కత్తి పక్కన పెట్టి మరీ వింది.

"ఏం చెయ్యాలో శుభ్రంగా ఉంది. తెలియనప్పుడు ఏం చెయ్యాలో ఏదీ?"

"తెలియకపోవడం ఏంటమ్మా, అన్నీ రాశాను కదా."

"మీ నాన్నకీ అన్నీ రాశాను."

ముందు గదిలో పేపరు వెనక నుంచి పేజీ తిప్పిన చప్పుడు మాత్రం వచ్చింది. ఆయన చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. అదే ఆవిడ జీవితంలో పెద్ద కష్టం. ఒకసారి "బట్టలు ఆరాక తియ్యండి" అని చీటీ పెట్టి ఆవిడ బయటికెళ్లింది. వాన కురిసింది. తిరిగొచ్చేసరికి దండెం మీద దుప్పట్లు ధారలు కడుతున్నాయి, ఆయన కిటికీ దగ్గర కాపలా ఉన్నాడు. "ఆరలేదుగా" అన్నాడు, నింపాదిగా. ఆనాటి నుంచి ప్రతి చీటీ కిందా ఆవిడ "తెలియకపోతే అడగండి" అని ఒక మాట చేరుస్తూ వచ్చింది. ఇంట్లో అందరూ దాన్ని చూసి నవ్వారు గానీ, దుప్పటి మళ్లీ తడవలేదు.

"రాసుకో" అంది తల్లి. "అసలుదో నకలో తెలియకపోతే ముట్టుకోకు. అడుగు. జవాబు వచ్చేదాకా ఆగు."

"ఇలా ఎవరూ రాయరమ్మా, నవ్వుతారు."

"నవ్వితే ఉద్యోగం పోదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? రాయి."

మిగతా టైమంతా ఈ గొడవతోనే పోయేట్టుంది కాబట్టి కూతురు రాసింది, అదీ మొదటి పేజీలోనే.

మూడింటికి తెర మీద మేనేజరు ప్రత్యక్షమయ్యాడు. నవ్వుతున్నాడు, అది మంచి గుర్తు కాదు. ఏజెంటుకు ఆయనే పని అప్పగించాడు: "ఈ డేటాబేసును పరీక్షించి, పట్టికలు ఖాళీ చెయ్యి." పక్కన ఒక పేరు ఇచ్చాడు. ఆ పేరులో అసలు అనీ లేదు, నకలు అనీ లేదు.

ఏజెంటు ఆలోచిస్తున్నట్టు తెర మీద చిన్న చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంది.

తలుపు చాటున తల్లికి అప్పటికే నాలుగువేల మంది రోగులు ఆస్పత్రి గుమ్మంలో కనిపిస్తున్నారు. ఎవరు ఏ డాక్టరు దగ్గరికి పోవాలో ఎవరికీ తెలియదు. కళ్ల డాక్టరు ఎవరి పన్నో పీకుతున్నాడు. కూతురు విశ్రాంతి తీసుకుంటోంది, తండ్రి పేపరు చదువుతున్నాడు.

"ఏం చేస్తోందే?" అంది గొంతు తగ్గించి.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. ముందు గదిలో పేజీ కూడా తిరగలేదు.

చాలాసేపటికి చుక్క ఆగింది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

"ఇది అసలుదో నకలో తెలియడం లేదు. దేన్నీ ముట్టుకోలేదు. చెప్పేదాకా ఆగుతాను. చెప్పాల్సినవారు భోజనానికి వెళ్లి ఉంటే ఎవరిని అడగాలి?"