రెండో గీత

మూడో ఇంటి డబ్బా మూత తీసి ఆమె కాగితపు పట్టీ ముంచింది. ఒక గీతే వచ్చింది. డబ్బాలోని మూత్రాన్ని తోపుడుబండి మీది క్యానులో వంపి, డబ్బా కడిగి గుమ్మం పక్కన బోర్లించింది. వాసన ఆమెకు తెలియడం ఏనాడో మానేసింది. వీధికి మాత్రం తెలుస్తుంది. బండి మలుపు తిరగ్గానే కిటికీలు మూసుకుంటాయి.

వీధిలో ఆమెను డబ్బాలమ్మ అంటారు. ముట్టు ఆగిపోయిన ఆడవాళ్ళున్న ఇళ్ళకే వెళ్తుంది. వాళ్ళ మూత్రం నుంచి మందుల కంపెనీ ఒక హార్మోను తీసి, పిల్లలు కలగనివాళ్ళకు సూదిమందు చేస్తుంది. పట్టీ మీద రెండో గీత కనబడితే, ఇంట్లో కడుపుతో ఉన్న కోడలో కూతురో పొరపాటున ఆ డబ్బా వాడిందన్నమాట. దాన్ని పారబోయాలి, లేకపోతే కంపెనీ ట్యాంకంతా పాడవుతుంది. ఒకసారి అలా ఒక కోడలి సంగతి అత్తగారికన్నా, మొగుడికన్నా ముందు ఈమెకే తెలిసింది. ఏమీ అనకుండా పారబోసి వచ్చింది.

ముసలివాళ్ళదే ఎందుకని పనిలో చేరిన కొత్తలో కంపెనీ కెమిస్టును అడిగింది. “తలలోంచి ఈ హార్మోను అండాశయానికి కబురు తీసుకెళ్తుంది,” అన్నాడతను. “అక్కడ దాన్ని అందుకోవడానికి గ్రాహకాలని ఉంటాయి. వయసైపోయాక అందుకునేవాళ్ళు ఉండరు. జవాబు రాదు కాబట్టి పైనుంచి తల ఇంకా ఇంకా పంపుతూనే ఉంటుంది. అదంతా మూత్రంలో పోతుంది. మనకు కావలసింది అదే.”

నాలుగో ఇల్లు కుట్టుపెద్దమ్మది. కళ్ళు మసకబారేదాకా మిషను కుట్టిన మనిషి. ఇప్పుడు గుమ్మంలో కుర్చీ వేసుకుని బండి కోసం చూస్తుంది. డబ్బాలమ్మకు రెండు నెలలుగా నెలసరి రాలేదన్న సంగతి ఆవిడ ఒక్కదానికే తెలుసు.

“రిపోర్టు ఇవాళేనా?”

“ఇవాళే పెద్దమ్మా. మొన్న రక్తం తీసుకున్నారు.”

“పిల్లల కోసం నువ్వేసుకున్న సూదుల్లో నా వాటా ఎంతో కొంత ఉండే ఉంటుందే. పుట్టినదానికి నా ముక్కు వస్తే నన్ను తిట్టకు.”

“ముక్కు వస్తే రానీ. నీ నోరు రాకపోతే చాలు.”

పెద్దమ్మ నవ్వుతూ దగ్గింది. “మొగుడికి చెప్పావా?”

“కాగితం చేతికొచ్చాక.”

“ఎలా దాచావే ఇన్నాళ్ళు? నేనైతే ఈపాటికి ఊరంతా చాటేదాన్ని.”

దాచడానికి కారణం ఉంది. రోజూ పనిలోంచి ఒక పట్టీ ఇంటికి తీసుకెళ్ళి చూసుకుంటోంది. రెండో గీత రాలేదు. వీధిలో ఏ పట్టీనీ అనుమానించని మనిషి ఇంట్లో మాత్రం పట్టీనే అనుమానించింది. పాతదేమో అనుకుంది. తొందరపడ్డానేమో అనుకుంది. ముట్టు ఆగినవాళ్ళ ఇళ్ళ చుట్టూ ఇన్నేళ్ళు తిరిగినా, తనకు ఆగితే అది కడుపేనని నమ్మింది.

బండి కంపెనీలో ఒప్పజెప్పి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఆసుపత్రికి వెళ్ళింది. అయినా అలవాటుకొద్దీ చివరి కుర్చీలో, జనానికి దూరంగా కూర్చుంది.

డాక్టరు ఆమెకన్నా చిన్నది. కాగితాన్ని రెండుసార్లు చదివింది.

“ఇది కడుపు కాదండీ. మేము సూదితో ఇచ్చిన హార్మోను మీ ఒంట్లోనే చాలా ఎక్కువగా ఉంది.”

“ముసలివాళ్ళకు ఉన్నంతా?”

“దగ్గరదగ్గర అంతే. మీ వయసుకు ఇలా కాకూడదు. కొందరికి అవుతుంది. అంటే అండాశయంలో...”

“తెలుసమ్మా,” అంది.

డాక్టరు కాగితం మడిచింది. జవాబు తెలిసీ ఆమె అడిగింది. “మళ్ళీ సూదులు వేసుకుంటే?”

“ఉన్నదాన్నే అందుకోవడం లేదు కదండీ.”

తిరిగి వస్తూ పెద్దమ్మ గుమ్మం ముందు ఆగింది. పెద్దమ్మ ఆమె నడక చూసింది. కాళ్ళు దగ్గరికి తీసుకుని మెట్టు మీద చోటిచ్చింది. ఆమె కూర్చుంది.

“పెద్దమ్మా, ఇకమీదట మా ఇంటి ముందు కూడా ఒక డబ్బా పెట్టుకోవచ్చు.”

 పెద్దమ్మ చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది. వదలలేదు.

ఇంటికి వచ్చేసరికి భర్త వంటింట్లో ఉన్నాడు. “అలా ఉన్నావేం?” అన్నాడు.

“ఎండ.”

అసలు రానే రాని మనిషి గురించి, వెళ్ళిపోయిందని ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. అతను మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచాడు. పిల్లల కోసం వేసుకున్న సూదులను ఆసుపత్రివాళ్ళు సగంలో ఆపించినప్పుడు మిగిలిన మందు అందులోనే ఉంది.

“ఇది ఇంకా ఉంచాలా?”

“ఉండనీ.”

అతను నీళ్ళు ఆమె చేతికిచ్చి, మోకాలితో ఫ్రిజ్ తలుపు తోశాడు. లోపల నిమ్మకాయల పక్కన, అడుగున చిటికెడు తెల్లపొడితో, మూత తీయని చిన్న గాజుసీసా.