గంటకి చూడాల్సిన తెర

డ్రైవరు మింగిన కెమెరా ఎనిమిది గంటలూ ఆయన పొట్టలోనే కూర్చుంది. చూడ్డానికి పెద్ద మందుబిళ్లలా ఉంటుంది. మింగితే పేగుల పొడవునా ఫొటోలు తీసుకుంటూ పోవాలి. బ్యాటరీ అయిపోయేదాకా ఆ మహాతల్లి ఒకే గోడని వేలసార్లు ఫొటో తీసింది.

నిందంతా ఆయన మీద పడింది. "దొంగతిండి తినుంటాడు" అంది భార్య, వార్డంతా వినేలా. "ఏమీ తినొద్దని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఈయన నోరు ఊరుకుంటుందా?"

ఆయన రెండుసార్లు "లేదే" అన్నాడు. ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి, ఏ హారన్‌కి పక్కకి తప్పుకోవాలో బాగా తెలుసు. మూడోసారి ఊరుకున్నాడు.

అసలు సంగతి నర్సుకి తెలుసు. మంచం పట్టిన మనిషికి పొట్ట కూడా బద్ధకిస్తుంది. అందుకే మింగిన గంటకి, అది పంపే ఫొటోలు తెర మీద చూసి, కెమెరా పొట్ట దాటకపోతే డాక్టరమ్మకి చెప్పి, పొట్టని కదిలించే ఇంజెక్షన్ ఇవ్వాలి. ఆ రోజు పక్క గదిలో ఎవరిదో పుట్టినరోజు కేకు కోస్తుంటే వెళ్లి, కబుర్లలో పడి, ఆ మాటే మరిచిపోయింది.

మర్నాడు డాక్టరమ్మకి చెప్పేసి చీవాట్లు తింది. అవి తేలిగ్గానే అరిగాయి. డ్రైవరు ముఖం చూస్తే మాత్రం ముద్ద దిగడం లేదు. లోపల ఎక్కడో రక్తం కారుతోంది, ఇప్పటికే మూడు సీసాలు ఎక్కించారు. ఈసారీ చోటు తెలియకపోతే పొట్ట కోసి వెతకాల్సిందే.

మొదటి కెమెరా బయటికి పోయాక రెండోది మింగించే రోజు వచ్చింది. బిళ్ల డ్రైవరు చేతిలో పెట్టి నర్సు అక్కడే నిలబడిపోయింది.

"పిన్నీ, ఆ రోజు బాబాయ్ ఏమీ తినలేదు. తప్పు నాది. గంటకి చూడాల్సింది, చూడలేదు."

డ్రైవరు భార్య, ఆ పెద్దావిడ, ముఖం తిప్పుకుని మంచం మీద దుప్పటి సర్దింది. తిట్టినా బాగుండేదనిపించింది నర్సుకి. డ్రైవరు మాత్రం బిళ్లని గుటుక్కున మింగి, "ఈసారైనా బండి కదిలించమ్మా" అన్నాడు.

గంట గడిచింది. తెర మీద అదే గోడ. నర్సు డాక్టరమ్మని పిలిచింది, ఇంజెక్షన్ ఇచ్చింది, వరండాలో మెల్లగా నడవమని ఆయన్ని లేపింది. భార్య ఆయన చెయ్యి పట్టుకుని నాలుగు చుట్లు తిప్పింది.

మధ్యాహ్నం తోటి నర్సు భోజనానికి పిలిచింది.

"వెళ్లి తినిరామ్మా, నేను చూస్తుంటాను" అంది పెద్దావిడ, కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంటూ.

నర్సుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లలేదు. ఇద్దరూ పక్కపక్కనే గుడ్లప్పగించి కూర్చున్నారు. కాసేపటికి గోడ పక్కకి జారింది, చిన్నపేగు మొదలైంది. ఇంకో రెండు గంటలకి ఒక మడత పక్కన ఎర్రగా, చిన్న చుక్క. దాని నుంచి సన్నటి చార.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "దొరికింది. గొట్టం పంపి దీన్ని మూసేయొచ్చు, కోయక్కర్లేదు" అని వెళ్లిపోయింది.

భార్య మొగుడి వైపు తిరిగింది. "తినలేదని ఆ రోజు గట్టిగా చెప్పొచ్చుగా?"

"చెప్పాను. రెండుసార్లు."

ఆవిడ మళ్లీ తెర వైపు తిరిగింది. "నువ్వు మరిచిపోయింది ఒక్క గంటేనమ్మా" అంది నర్సుతో. "నేను పెళ్లయిన దగ్గర్నుంచీ ఈయన మాట సగంలోనే ఆపేస్తున్నాను."

డ్రైవరు గొంతు సవరించుకుని, "నాకు ఆకలేస్తోంది" అన్నాడు.

ఆయన ఇంకేమైనా చెబుతాడేమోనని ఆవిడ ఆగింది.