మౌజా తోటలో పురుగు లేదు

మునిసిపాలిటీ వాళ్ళు ఎర బకెట్టు తెచ్చి తన తోట గట్టున పెట్టిన రోజే మౌజాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో ప్రతి ఖర్జూర తోటకూ ఒకటి పెట్టారు. పక్కలకు చిల్లులు, లోపల నానేసిన ఖర్జూరాలు, మూతకు వేలాడే వాసన సంచి. ఎక్కణ్ణుంచో ఊడిపడి ఖర్జూర మానుల్ని లోపల్నుంచి తొలిచే ఎర్రముక్కు పురుగు ఆ వాసనకు వచ్చి పడుతుందట. వారానికోసారి వచ్చి చూసేవాడు ఎవరో కాదు, ఆమె అన్న కొడుకు ఖల్ఫానే.

"పురుగు పడితే ఏం చేస్తార్రా?"

"చెట్లన్నీ చూస్తాం అత్తా. మందుకు లొంగితే మందు, లేదంటే నరికి తగలెయ్యడమే."

మౌజా చెవికి నరకడమే ఎక్కింది, మందు ఎక్కలేదు. వాకిట్లో ఉన్న ఖలాస్ రకం ఖర్జూర చెట్టు, కూతురు పుట్టినప్పుడు ఆమె పెనిమిటి నాటింది. ఆ పిల్ల బతకలేదు. ఆయనా లేడు. చెట్టు మాత్రం ఏటేటా గెలలు వేస్తూనే ఉంది. దాని మీద గొడ్డలి పడితే తను బతికి ఏం లాభం?

అందుకని ఖల్ఫాన్ వచ్చే రోజు తెల్లారగానే లేచి, బకెట్టులో తేలే పురుగుల్ని ఏరి కోళ్ళకు వేసేది. కోళ్ళకు పండగే పండగ. వాడు వచ్చి తొంగి చూసి, "నీ చేతి చలవ అత్తా! అందరూ నీలాగే ఉంటే నా ఉద్యోగం ఊడినట్టే" అని నవ్వి, కాఫీ తాగి పోయేవాడు.

గోడ అవతలి తోట జువైనాది. ఒకే కాలువ నీళ్ళు వంతులేసుకుని, తిట్టుకుని, మళ్ళీ ఒకే పళ్ళెంలో తిన్న స్నేహం వాళ్ళది. ఆ ఎండాకాలం జువైనా చెట్ల మొవ్వులు వాలిపోయాయి. ఆమె బకెట్టులో పురుగు పడేసరికే మాన్లు లోపల డొల్ల. రంపాలు వచ్చాయి, తోటంతా పడిపోయింది.

ఖల్ఫాన్ మౌజా ఇంటికొచ్చి మసి చేతులు కడుక్కున్నాడు. "ఎటునుంచి పాకిందో అంతుపట్టట్లేదు అత్తా. చుట్టుపక్కల బకెట్లన్నీ ఖాళీ. కాస్త ముందు తెలిసుంటే సూది మందేసి సగం చెట్లైనా నిలబెట్టేవాళ్ళం."

"సూదా? చెట్టుకా?"

"మందుందని మొదటి రోజే చెప్పాను కదా!"

 అయ్యో, ఎంత పని చేశాను, అని మౌజా లోలోపల గుండె బాదుకుంది.

మర్నాడు మధ్యాహ్నం జువైనా తడి గోనెలో చుట్టిన పిలకతో వచ్చింది.

"మునిసిపాలిటీ వాళ్ళు పిలకలు కదిలించొద్దన్నారు. అననీ. మా అమ్మ చెట్టుది, ఇదొక్కటే దాచాను. నీ తోటలో పాతవే. పురుగు సోకని నేల నీది కదా."

మౌజా కాఫీ పోసి ముందు పెట్టింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు, కోళ్ళు చెప్పవు కదా. కానీ పురుగు తొలిచిన మానుకు వచ్చే పులిసిన కంపు నాలుగు రోజులుగా ఖలాస్ చెట్టు మొదలు దగ్గర కొడుతోంది. ఈ పిలకనూ ఆ పురుగు నోట్లో పెట్టనా?

"వద్దే. ఇక్కడ పాతకు," అంది. ఆ తర్వాత అంతా చెప్పేసింది, కోళ్ళతో సహా.

జువైనా పిలకను దగ్గరికి లాక్కుంది.

"నీ చెట్టు పోతుందని భయపడ్డావు," అంది. "పిచ్చి మొహమా, ఒక్క ముక్క నాతో అనకూడదూ? నీ చెట్టు పోతే, నా చెట్లు నీవి కాకుండా పోయేవా?"

పిలకను చంకనెత్తుకుని లేచింది. మౌజా "ఆగవే" అంటూ గేటు దాకా పరిగెత్తింది. ఆమె ఆగలేదు. జువైనా ఆ ఇంట్లో కాఫీ ముట్టకుండా లేవడం అదే మొదటిసారి.