మా ఆవిడ ఒప్పుకోదు

మా ఊళ్ళో తిరిగే చాలా బస్సుల వెనక నా బొమ్మ ఉంటుంది. యూనిఫాం వేసుకుని, స్టీరింగ్ పట్టుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతుంటాను. కింద ‘ప్రగతి పగ్గాలు మహిళ చేతిలో’ అని పెద్ద అక్షరాలు. ఆ బస్సులన్నిటినీ నడిపేది మగవాళ్ళే. నేను డిపోలో బెంచీ మీద కూర్చుని, నా మొహం పొద్దున్నే గేటు దాటి వెళ్ళడమూ, సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని తిరిగి రావడమూ చూస్తుంటాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఏమిటో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఈ డిపోలో ఆడవాళ్ళను డ్రైవర్లుగా తీసుకోవాలని మా మహిళా హక్కుల వేదిక ఏళ్ళ తరబడి పోరాడింది. వేదికకు పెద్ద దిక్కు రిటైరైన ఒక లెక్కల పంతులమ్మ. ఆవిడ ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. చివరికి డిపో దిగివచ్చి ఒక్కదాన్ని తీసుకుంది, నన్ను. అంతకుముందు నేను అదే డిపోలో టికెట్ల కిటికీ వెనక కూర్చునేదాన్ని. లైసెన్సు తెచ్చుకున్నాను, ట్రైనింగు చేశాను, పరీక్ష పాసయ్యాను. బస్సు మాత్రం ఇవ్వలేదు.

ఎందుకంటే మా డిపోలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసి ఉండదు, కానీ చట్టం కన్నా గట్టిది. కొత్త డ్రైవరును ఎవరో ఒక సీనియర్ పక్కన కూర్చుని రూటంతా తిప్పాలి. తిరిగొచ్చాక “బండి ఇవ్వొచ్చు” అని మేనేజరుకు నోటితో చెప్పాలి. దీన్ని ‘పక్క ట్రిప్పు’ అంటారు. మగపిల్లలకైతే ఒక కప్పు టీతో, నాలుగు జోకులతో పని అయిపోతుంది. నా వెనకాల చేరిన కుర్రాళ్ళందరికీ అయిపోయింది. నా ప్రొబేషన్ ఈ నెలాఖరుతో ముగుస్తుంది. అప్పటికీ పక్క ట్రిప్పు కాకపోతే మళ్ళీ టికెట్ల కిటికీకే. “ఆడవాళ్ళకూ అవకాశం ఇచ్చి చూశాం, కుదరలేదు” అని డిపో చేతులు దులుపుకుంటుంది. నా తరవాత వరసలో నిలబడ్డ ఆడపిల్లలకు ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు.

అడగలేదా అంటే, అడగని సీనియర్ లేడు. మొదట హారన్ బాబాయిని అడిగాను. డిపోలో అందరికన్నా పెద్దవాడు. ఎదురుగా పిల్లి కూడా లేకపోయినా హారన్ కొడతాడు కాబట్టి ఆ పేరు.

“నాదేముందమ్మాయ్, నాకు నువ్వు కూతురులాంటిదానివి. మా ఆవిడ ఒప్పుకోదు” అన్నాడు.

రెండో ఆయన్ని అడిగాను. వాళ్ళావిడా ఒప్పుకోదట. మూడో ఆయన గొంతు తగ్గించి, “ఇంట్లో రామాయణం అయిపోతుంది చెల్లెమ్మా” అన్నాడు. నాలుగో ఆయన నేను నోరు తెరవకముందే, “మా ఆవిడ...” అని మొదలుపెట్టాడు. భార్య గీసిన గీత దాటని మగవాళ్ళు ఒకే చోట ఇంతమంది దొరుకుతారని నాకు తెలియదు. డ్యూటీ దిగాక పేకాటలో కూర్చుని, ఇంటికి ఫోన్ చేసి “భోజనం పెట్టి పడుకో” అని చెప్పేది కూడా వీళ్ళే.

మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నిండా బాధపడ్డాడు. బాధపడటంలో ఆయనకు మంచి అనుభవం ఉంది.

“చూడమ్మా, వాళ్ళ కాపురాల్లో నేను వేలు పెట్టగలనా? ఆడదానికి ఆడదే శత్రువు అని ఊరికే అన్నారా? అయినా నువ్వేం దిగులు పెట్టుకోకు. మహిళా దినోత్సవానికి నీకు సన్మానం చేస్తున్నాం. పెద్ద స్టేజీ వేయిస్తున్నాం” అన్నాడు.

ఆ సాయంత్రం మా వేదిక సమావేశమైంది. టైలరు వదిన కుట్టుమిషన్లు గోడవారకు జరిపి, గుడ్డముక్కలు ఊడ్చిన గదిలోనే మా సమావేశాలు. చాలాసేపు ఆవేశపడ్డాం. మాకు ఆవేశం వస్తే తీర్మానం చేస్తాం. ఈసారి చేసిన తీర్మానం, సీనియర్ డ్రైవర్ల భార్యల వెనకబాటుతనం పోగొట్టడానికి ఒక చైతన్య సదస్సు జరపాలని. ఆడవాళ్ళ హక్కుల కోసం జుట్టు నెరిసేదాకా పోరాడిన మేము, ముఖమైనా చూడని ఆడవాళ్ళను మగవాళ్ళ మాట మీద దోషుల్ని చేసి, ఏకగ్రీవంగా చప్పట్లు కొట్టాం.

సదస్సుకు పిలవడానికి పంతులమ్మా నేనూ మొదట హారన్ బాబాయి ఇంటికి వెళ్ళాం. పిన్ని వరండాలో కూర్చుని బాబాయి యూనిఫాం చొక్కాకు గుండీ కుడుతోంది. పంతులమ్మ గొంతు సవరించుకుని, సాటి స్త్రీ ఎదుగుదలకు అడ్డుపడకూడదంటూ మొదలుపెట్టింది. పిన్ని సూది పట్టుకునే మధ్యమధ్యలో తలూపుతూ విన్నది.

“బాగా చెప్పారు. ఇంతకీ అడ్డుపడేదెవరు?” అంది.

పంతులమ్మ నా వైపు చూసింది. నేనే చెప్పేశాను. “నువ్వే పిన్నీ. నా పక్కన బాబాయి కూర్చోవడానికి నువ్వు ఒప్పుకోవట గదా?”

పిన్ని దారం కొరికి చొక్కా పక్కన పెట్టింది. “నేనా? ఆయన నన్నడిగి చేసిన పని ఈ ఇంట్లో ఒక్కటి చూపించు. ఊరవతల స్థలం కొన్నది నన్నడిగా? మా అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు వెళ్ళొద్దన్నది నన్నడిగా? ఇప్పుడు నీకు మొండిచెయ్యి చూపించడానికి మాత్రం నా పర్మిషన్ కావాల్సి వచ్చిందా?” అంది. లేచి నిలబడి, “ఇంకెవరెవరి పెళ్ళాలు ఒప్పుకోలేదట?” అని అడిగింది.

చెప్పాను. పిన్ని చెప్పులేసుకుంది. డ్రైవర్ల క్వార్టర్స్ అన్నీ ఆ వీధిలోనే ఉన్నాయి. మేము వెనక నడుస్తుంటే ఆవిడ ఒక్కో గుమ్మం ముందూ ఆగి అదే ప్రశ్న అడిగింది. ఒకావిడ పకపకా నవ్వింది. ఇంకొకావిడ, “ఈ అమ్మాయెవరో కూడా నాకు తెలియదే” అంది. మరొకావిడ గుమ్మం పట్టుకుని ఎర్రబడ్డ మొహంతో నిలబడింది. మా సదస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. పంతులమ్మ దారంతా తల దించుకునే నడిచింది.

మహిళా దినోత్సవం నాడు డిపో ఆవరణలో స్టేజీ, మైకు, వరసగా కుర్చీలు. వెనకాల బ్యానరు మీద మళ్ళీ నేనే, ఈసారి ఇంకా పెద్ద పళ్ళతో. సీనియర్లంతా ఉతికిన బట్టలతో ముందు వరసలో కూర్చున్నారు. ఇంతలో వాళ్ళ భార్యలంతా గుంపుగా వచ్చి వెనక కుర్చీలు నింపేశారు. ఆ జనాన్ని చూసి మేనేజరు పొంగిపోయాడు. ముందు వరసలో మాత్రం ఒక్కొక్కరి మెడ కాలర్లోకి దిగిపోయింది.

మేనేజరు నాకో పూలగుత్తి ఇచ్చి, ఫొటోకు నిలబెట్టి, మైకు అందుకున్నాడు. “డిపో సిద్ధంగా ఉంది. మా డ్రైవర్లు సిద్ధంగా ఉన్నారు. కానీ మార్పు ఇళ్ళల్లో రావాలి. ఆడవాళ్ళ మనసులు మారాలి!” అన్నాడు.

పిన్ని లేచి నిలబడింది. “మారింది సార్. నేను ఒప్పుకున్నాను.”

ఆవిడ పక్కనావిడ లేచింది. “నేనూ ఒప్పుకున్నాను. అసలెవరూ అడగలేదు గానీ, ఒప్పుకున్నాను.”

ఒక్కొక్కరే లేచారు. చివరికి వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మేనేజరు మైకు అటూ ఇటూ మార్చుకున్నాడు. పిన్ని ముందు వరసకేసి నడిచింది.

“ఏమండీ, నా తరఫు అడ్డు తొలగిపోయింది. ఇంకా మీకు ఇష్టం లేకపోతే, ‘నాకు ఇష్టం లేదు’ అని మీ నోటితో చెప్పండి. అందరూ వింటారు.”

హారన్ బాబాయి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. పక్కవాళ్ళకేసి చూశాడు. వాళ్ళంతా చెప్పుల్ని పరిశీలిస్తున్నారు. “మంచి రోజు చూసుకుని...” అన్నాడు.

“ఇవాళ మహిళా దినోత్సవమే గదా, ఇంతకన్నా మంచి రోజు ఎక్కడుంది?” అంది పంతులమ్మ. ఆవిడ కూడా అప్పటికి కోలుకుంది.

నేను పూలగుత్తి మేనేజరు చేతిలో పెట్టి బస్సెక్కాను. సీటు ఆరడుగుల మనిషి కోసం వెనక్కి నెట్టి ఉంది. ముందుకు లాక్కున్నాను. అద్దాలు సరిచేసుకున్నాను. బాబాయి పక్కన కూర్చుని రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాడు. వెనకాల ఆడవాళ్ళంతా ఎక్కేశారు. ఒక్కసారి ఇంజన్ ఆగిపోతే చాలు, నెలాఖరుకు నేను కిటికీ వెనకే. క్లచ్ నెమ్మదిగా వదిలాను. బండి కదిలింది.

ఆసుపత్రి మలుపు, రైలు బ్రిడ్జి ఎక్కుడు, మార్కెట్ ఇరుకు సందు. సందులో ఎదురుగా లారీ వస్తే బాబాయి “హారన్! హారన్!” అని అరిచాడు. నేను బ్రేకు వేసి, పక్కకు తీసి, దారిచ్చాను. లారీ వాడు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. రూటు పూర్తయి డిపోలోకి తిరిగొచ్చి, రివర్సులో తీసుకెళ్ళి, గీతల మధ్య ఆపాను.

మేనేజరు ఇంకా పూలగుత్తి పట్టుకునే ఎదురొచ్చాడు. “ఏమంటారు మరి?” అని బాబాయిని అడిగాడు.

బాబాయి మెట్టు దిగి చొక్కా సర్దుకున్నాడు. పెద్దమనసు చేసుకుంటున్నవాడిలా నవ్వాడు. “బండి ఇవ్వొచ్చు. దీనికింత హడావుడి ఎందుకు? ట్రైనింగు మొదటి రోజు షెడ్డులో బండి వెనక్కి తీసినప్పుడే అనుకున్నాను, ఈ అమ్మాయికి చెయ్యి ఉందని. అందరం అనుకున్నాం.”

అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరస వాళ్ళు అందరికన్నా గట్టిగా కొట్టారు. మేనేజరు నా బస్సు నంబరు చెప్పి, సాయంత్రం ట్రిప్పు నాదేనన్నాడు.

ఆ బండిని గేటు దాటిస్తుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. గెలిచినందుకు కాదు. ఇన్నాళ్ళూ వీళ్ళకు నా మీద నమ్మకం లేదనే అనుకున్నాను. చూస్తే నమ్మకం కుదురుతుందిలే అని, బెంచీ మీద కూర్చుని ఓపిక పట్టాను. మొదటి రోజే చూశారు, నమ్మారు, నమ్మి కూడా నన్ను ఆపారు. అద్దంలో దారి చెదిరిపోతోంది.

పిన్ని ఇంటికి వెళ్ళకుండా నా వెనక సీట్లోనే కూర్చుంది. ఆవిడ ముందుకు వంగి నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఇంటికెళ్ళి ఏడుద్దువుగానీ. ఎదురుగా స్టాపు వస్తోంది, జనం నిలబడి ఉన్నారు. ఆపు” అంది.

ఆపాను.