ఒంటిరెక్క గేటు

పద్మనాభయ్య వెల్డింగు మిషను కొన్నాడని తెలిసి, కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని ఊరంతా నవ్వింది. యాభై దాటిన మనిషి. భార్య వెంకటశేషమ్మ పోయింది, పిల్లా జెల్లా లేరు, మాగాణి కౌలుకిచ్చాడు. ఇక ఏ కాశీకో పోక ఇనుము కాల్చుకుంటూ కూర్చోవడమేమిటని అడిగారు. వాళ్లకేం, అడుగుతారు. తన దగ్గు తనకు తప్ప ఇంకెవరికీ వినిపించని ఇంట్లో ఒక్క సాయంత్రం కూర్చుంటే తెలిసేది.

అసలు సంగతి గేటుది. వాళ్ల నాయన మద్రాసులో చేయించి తెచ్చిన రెండు రెక్కల ఇనుప గేటు అది. ఏడేళ్ల కిందట అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు పెద్దమనుషులు పొలాలూ ఎద్దులూ చిటికెలో తేల్చి, గేటు దగ్గర ఆగిపోయారు. తమ్ముడు నరసయ్య, గేటు అన్నకే ఉండనీయమన్నాడు. పద్మనాభయ్యకు ఎక్కడ కాలిందో కాలింది. నీ దానం నాకక్కర్లేదు, సగం నాది సగం నీది అన్నాడు. ఇంటి మధ్య గోడ లేచింది, చెరొక రెక్క పట్టుకుపోయి గోడకు అటూ ఇటూ నిలుపుకున్నారు. పీకేటప్పుడు తమ్ముడి రెక్కకున్న రింగు విరిగిపోయింది. అన్న రెక్కకు గడియ మిగిలింది గానీ అది దూరడానికి రింగు లేదు. అప్పటినుంచి ఇద్దరూ తమ ఒంటిరెక్క గేట్లను తాళ్లతో కట్టుకుంటున్నారు.

ఆ రోజు పోయిన మాట మళ్లీ రాలేదు. వెంకటశేషమ్మ ఉన్నన్నాళ్లూ తోడికోడలితో గోడ మీదుగా కూరగిన్నె ఇచ్చిపుచ్చుకునేది. ఆమె పోయాక గిన్నె కూడా ఆగింది. నరసయ్య వచ్చి వదినె పాడె మోశాడు, ఒక్క మాటన్నా మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

పందొమ్మిదివందల అరవై నాలుగు ఎండాకాలంలో సముద్రం మీది ఉప్పుగాలి నరసయ్య గేటును స్తంభానికి పట్టి ఉంచే కింది బందును తినేసింది. రెక్క ఒరిగిపోయింది. అది చూసినప్పుడే పద్మనాభయ్యకు ఆశ పుట్టింది. మిషనంటూ ఇంట్లో ఉంటే తమ్ముడు ఆ రెక్కను మోసుకుని రాక ఎక్కడికి పోతాడు? చిన్నవాడు, వాడే రావాలి. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు.

కొడవలూరులో ట్రంకురోడ్డు పక్కన షావలి వెల్డింగు కొట్టు. లారీల కింద పడుకుని సగం జీవితం గడిపిన మనిషి. పద్మనాభయ్య మొదట గ్యాసు వెల్డింగు మీద మోజు పడ్డాడు. షావలి ఒప్పుకోలేదు. గ్యాసు పుట్టించే కార్బైడు డ్రమ్ముతో ఏమారితే పేలుతుందని, ఆక్సిజన్ అయిపోయినప్పుడల్లా మద్రాసు పోవాలని, బావి మోటారుకు కరెంటు ఉంది గనక కరెంటు మిషనే మేలని చెప్పాడు. పాతవి రెండు చూపించాడు. చిన్నది ఒక మనిషి మోయొచ్చు గానీ ఊరికే వేడెక్కుతుంది. పెద్దది వేడెక్కకుండా నూనె పోసినది, కదిలించాలంటే నలుగురు కావాలి.

"ఏం అతకాలన్నా నువ్వు?" అన్నాడు షావలి.

బకెట్లూ చేదలూ అన్నాడు పద్మనాభయ్య. అంటూనే, గేటంత మందం ఇనుమైతే చిన్నది పనికొస్తుందా అని రెండుసార్లు అడిగాడు. షావలి ఇంకేమీ అడగకుండా పెద్దదాన్ని బండికెక్కించాడు.

నేర్చుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. వెల్డింగు కడ్డీ ఇనుముకు అంటుకుపోయేది, దూరం జరిపితే ఆరిపోయేది. మొదటిరోజు ఉత్సాహం కొద్దీ నల్లద్దం అడ్డం లేకుండా ఆ వెలుగును చూశాడు. సాయంత్రానికి కళ్లలో ఇసక పోసినట్టయింది. రెండు చుక్కలు ఆముదం వేసే చెయ్యి కూడా ఇంట్లో లేదు. తడుముకుంటూ తనే వేసుకుంటే సగం చెంపల మీద కారింది. గోడ అవతల తమ్ముడింట్లో కంచాలు పెడుతున్న చప్పుడు వింటూ పడుకున్నాడు. భార్య పోయిన రోజుకన్నా ఆ రోజే ఆయనకు ఎక్కువ ఏడుపొచ్చింది.

అతికిన మొదటి చేద ఊడిపోతే షావలి దగ్గరికి పట్టుకుపోయాడు. షావలి దాన్ని తిప్పి చూసి, "తుప్పు గోక్కుండా అతికినావు. పైకి అతికినట్టే ఉంటాది, లోపల పట్టదు. తెల్లగా మెరిసిందాకా గోకాల" అన్నాడు. అప్పటినుంచి వారం వారం కొట్టుకు పోయి పని నేర్చుకున్నాడు. చెయ్యి కుదిరింది. నవ్విన ఊరే బకెట్లు తెచ్చింది. ఎదురింటి పిచ్చమ్మ అట్లకాడ తెచ్చి, పని అయిపోయాక కూడా కాసేపు కూర్చుని కబుర్లు చెప్పి పోయింది. రావలసినవాడు మాత్రం రాలేదు.

ఒక ఉదయం, నరసయ్య బండి ఆయన వాకిటి ముందునుంచే కొడవలూరు వైపు పోయింది. బండిలో గేటు ఉంది.

పద్మనాభయ్యకు ఒళ్లంతా మండింది. బస్సెక్కి షావలి కొట్టుకు పోయాడు. రెక్క నేలమీద పడి ఉంది. నరసయ్య సాయంత్రం వచ్చి తీసుకుపోతానన్నాడని చెప్పి, షావలి తలకు తగిలించుకునే నల్లద్దం ముసుగు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

పద్మనాభయ్య మధ్యాహ్నందాకా తుప్పు గోకాడు. బందు అతికాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఇనుప కడ్డీ వంచి, పాత రింగు విరిగినచోట కొత్త రింగు అతికాడు. అతుకు ఇంకా ఎర్రగా ఉండగానే నరసయ్య వచ్చాడు. పద్మనాభయ్య ముసుగు తియ్యలేదు. మంట లేనప్పుడు నల్లద్దంలోంచి ఏమీ కనిపించదు. గొంతు మాత్రం వినిపించింది.

"సాయిబూ, ఈ రింగు నేను చెప్పలేదే. దీని గడియ మాయన్న కాడుండాది" అంటూ నరసయ్య ముందుకొంగి రింగు మీద చెయ్యి వెయ్యబోయాడు. అలికిడికి పద్మనాభయ్య చటుక్కున ఆ మణికట్టు పట్టుకుని పక్కకు తోశాడు. చేతిలో చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

"మాయన్న మిషను కొన్నాడు" అన్నాడు నరసయ్య నెమ్మదిగా. "ఊరందరివీ అతకతుండాడు. పిలుస్తాడేమోనని ఎండాకాలమంతా చూసినా. పెద్దోడు పిలవకుండా చిన్నోడు గడపెట్టా తొక్కేది సాయిబూ?"

ఒక్క మాట చాలు. రారా అంటే చాలు. ఏడేళ్ల పెద్దరికం దాన్ని పైకి రానివ్వలేదు. ముసుగు ఎత్తేసరికి, రెక్కను వేసుకుని బండి ట్రంకురోడ్డెక్కింది.

"నేను ఆయన ఎనకమాల ఉండానన్నా. ఆ మాట నీ మొకం చూసి అడిగినాడు" అన్నాడు షావలి.

ఒకే కంచంలో తిని పెరిగినవాడికి అన్న చెయ్యి తెలియదా?

ఆలస్యంగా దొరికిన బస్సులో ఇంటికొచ్చేసరికి పొద్దు గుంకుతోంది. గోడకవతల నరసయ్య రెక్క తన చోట నిలబడింది, ఎప్పటిలాగే తాడుతో కట్టేసి ఉంది. పద్మనాభయ్య తన వాకిట్లో నిలబడి గడియను లాగాడు. అది గాల్లోకి వచ్చి ఆగింది. మధ్యలో జానెడు గోడ.

"నరసా" అన్నాడు. అది గోడ దాటలేదు. మళ్లీ గట్టిగా అన్నాడు. "నరసా, అన్నం తిన్నావా?"

చాలాసేపటికి, అవతల గేటు తాడు ముడి విప్పుతున్న చప్పుడు వినిపించింది.