ఒక్కసారి ఇటు చూడు

"చేతులు సబ్బుతో కడుక్కున్నావా?"

నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే మా అత్తగారు రోజూ అడిగే మాట ఇది. అలసిపోయావా అని కాదు, ఏమైనా తిన్నావా అని కాదు. నేను పనిచేసేది రక్తపరీక్షలు చేసే ల్యాబులో. పొద్దున ఏడింటికల్లా వెళ్ళి కూర్చుని, వచ్చినవాళ్ళ జబ్బకి రబ్బరు పట్టీ కట్టి రక్తం తీస్తాను. వాళ్ళు మూతపెట్టి తెచ్చిన డబ్బాల మీద పేర్లు అంటిస్తాను. ఆ డబ్బాల్లో ఏముంటుందో ఆవిడకి తెలుసు కాబట్టి నా చేతులంటే అసహ్యం. ఆ చేతులతో వండింది మాత్రం రెండు పూటలా తింటుంది. ఆ చేతులు తెచ్చిన జీతంతో కొన్న బీపీ మాత్రలు వేసుకుంటుంది. జీతానికి సబ్బు అక్కర్లేదు కాబోలు.

నిజం చెప్పాలంటే ఆ డబ్బాలు నన్ను ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. జబ్బుచేసిన మనిషి ఒంట్లోంచి వచ్చినదాంట్లో ముక్కు మూసుకోవాల్సిందేముంది? అసహ్యమంటే ఏమిటో నేను ఇంట్లోనే నేర్చుకున్నాను.

మా ఆయన ఫోన్లో పేకాట ఆడతాడు. ఆడతాడు అంటే ఆదివారం సరదాకి కాదు. పొద్దున్నే ఫోన్ పట్టుకుని బాత్రూంలో దూరితే ముప్పావుగంట. తలుపు బయట నేనూ, బడికి తయారవాల్సిన నా కూతురూ. లోపల కొళాయి చప్పుడు ఉండదు, ముక్కలు పంచుతున్న చప్పుడు ఉంటుంది. మధ్యమధ్య నాణేలు గలగలా రాలిన చప్పుడు. ఆ నాణేలు మా ఇంట్లో ఒక్కనాడూ రాలలేదు. బయటికొచ్చి తడి లేని చేతుల్తోనే టిఫిన్‌కి కూర్చుంటాడు. ఆయన్ని సబ్బు సంగతి ఎవరూ అడగరు.

"ఇది జూదం కాదే, బుర్రతో ఆడే ఆట," అంటాడు. అంత బుర్ర ఉన్న మనిషి మొదట ఆఫీసులో ప్రతివాడి దగ్గరా చేబదుళ్ళు తీసుకున్నాడు. తర్వాత నా గాజులు పోయాయి. తర్వాత బండి. సర్వీసుకిచ్చానని చెప్పి నాలుగు నెలలు బస్సులో తిరిగాడు. నాలుగు నెలల సర్వీసేమిటని నేను అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని భయం. తెలిశాక కూతురి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు, ఇక ముట్టనని. ఆ ఒట్టు వయసు తొమ్మిది రోజులు. మా అత్తగారైతే, "తాగడు, తిరగడు. మగాడన్నాక ఏదో ఒక వ్యాపకం ఉండదా? ఇంట్లో నువ్వు నవ్వుతూ ఉంటే వాడు ఫోన్ ఎందుకు పట్టుకుంటాడు?" అంది. వాళ్ళ అబ్బాయి ఓడిపోయిన ప్రతి ఆటకీ నా మొహమే కారణమన్నమాట.

ఆ మొహం సంగతే చెప్పాలి.

ఒక ఆదివారం నేను పెరటి కొళాయి దగ్గర బట్టలు జాడిస్తున్నాను. నైటీ మోకాళ్ళ దాకా తడిసి, జుట్టు మొహాన పడుతోంది. మా ఆయన ఫోన్ పట్టుకుని వచ్చి, "ఒక్కసారి ఇటు చూడు," అన్నాడు. ఎందుకన్నాను. "ఊరికే. బాగున్నావు." పదకొండేళ్ళ కాపురంలో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. పెళ్ళి ఫోటోల తర్వాత ఆయన నా ఫోటో తీసిందీ లేదు. నేను గబగబా చేతులు నైటీకి తుడుచుకుని జుట్టు చెవుల వెనక్కి తోసుకున్నాను. "కొంచెం ఎడమకి తిరుగు. ఆఁ, ఇప్పుడు కుడికి. కళ్ళు ఒకసారి మూసి తెరువు." నవ్వొచ్చింది. "నవ్వకు, మామూలుగా ఉండు," అన్నాడు. సరేనని మామూలుగా ఉన్నాను. ఆ సాయంత్రం అడక్కుండానే ఆయనకి రెండోసారి టీ ఇచ్చి, ఫోటో చూపించమన్నాను. సరిగ్గా రాలేదన్నాడు. అయినా వారం రోజులు నేను పని చేసుకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా ఒళ్ళు జలదరిస్తోంది.

మూడు నెలల తర్వాత ల్యాబులో ఒక పెద్దాయన చేతికి పట్టీ కట్టి నరం వెతుకుతుంటే ఫోన్ మోగింది. అంతకు ముందు రెండుసార్లు మోగిందని పక్కమ్మాయి తీసి నా చెవి దగ్గర పెట్టింది. మేడమ్, మూడు వాయిదాలు కట్టలేదు, అంది అవతలి గొంతు. నేనేమీ అప్పు తీసుకోలేదన్నాను. "మీ గుర్తింపు కార్డు ఉంది. మీరు ఎడమకి తిరిగారు, కుడికి తిరిగారు, కళ్ళు మూసి తెరిచారు. అదే కదా మేడమ్ మా వెరిఫికేషన్?"

పెద్దాయనకి సూది సరిగ్గానే గుచ్చాను. గొట్టం నింపాను, దూది పెట్టి, చెయ్యి మడిచి పట్టుకోమన్నాను. తర్వాత బాత్రూంకి వెళ్ళి కడుపులో ఉన్నదంతా కక్కాను. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఏ డబ్బా మూత తీసినా కక్కని మనిషిని. నా కార్డు ఆయన బీరువాలోనే ఉంటుంది. నా బ్యాంకు ఖాతాకి ఫోన్ నంబరు ఆయనదే, ఖాతా తెరిచిన రోజు "ఈ గొడవలన్నీ నీకెందుకు, నేను చూసుకుంటాగా," అని రాసేశాడు. డబ్బు వచ్చిన సంగతీ, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయిన సంగతీ ఆ నంబరుకే తెలిశాయి. దొంగతనమైతే కోపం వచ్చేది. నన్ను కక్కించింది దొంగతనం కాదు. ఆ రోజు నేను జుట్టు సర్దుకోవడం.

ఇంటికి వెళ్ళేలోపే అప్పిచ్చిన ఆ కంపెనీకి ఫోన్ చేసి, ఆ అప్పు నేను తీసుకోలేదని చెప్పాను. శనివారం తమ మనిషి వచ్చి నా మాట రాయించుకుంటాడన్నారు. అప్పు నాదేనంటే నా జీతంలోంచి మూడేళ్ళు కట్టాలి. కాదంటే చేసిన మనిషి మీద కేసు పెడతారు, ఆయన ఉద్యోగం పోతుంది.

ఆ రాత్రే సంగతి ఇంట్లో చెప్పాను. శనివారం ఏమనాలో ఆ వారమంతా నాకు పాఠం చెప్పారు. శుక్రవారం మా పెద్దాడపడుచు దిగింది. "నేనే తీసుకున్నాను, మర్చిపోయాను అని చెప్పు. ఒక్క మాట. నోటి ముత్యాలేం రాలిపోవు," అంది. నేనే తీసుకున్నానంటే ఆ డబ్బు ఎవరు కడతారు వదినా అన్నాను. "నీకు ఉద్యోగం ఉంది కదా!" అంది, అదేదో నేను చేసిన నేరంలాగా. మా అత్తగారు, "మొగుణ్ణి పోలీసులకి పట్టించిన ఆడదాని చేతి నీళ్ళు కూడా ఎవరూ తాగరు," అంది. మా ఆయన ఏడ్చాడు. ముక్కు చీదుతూ నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని, "నీ ఫోటోతో అయితే లోన్ వెంటనే వస్తుందన్నారే. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?" అన్నాడు. ఒకప్పుడు ఆ ఏడుపుకి నేను కరిగేదాన్ని. ఇప్పుడు కుచ్చిళ్ళు తడుస్తున్నాయనే అనిపించింది. ఏడుస్తూనే ఒక చేత్తో జేబులో ఫోన్ తడుముకుంటున్నాడు.

శనివారం పదకొండింటికి కంపెనీ ఆఫీసర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతిలో సంచీ, మొహాన చెమట. నా పేరున్న కాగితం నా చేతికివ్వకుండా మా ఆయన ముందు పెట్టాడు. "తనే తీసుకుందండీ, మర్చిపోయింది. ఆడవాళ్ళు కదా, ఇంటి పనిలో పడి..." అంటూ మా ఆయన నవ్వాడు. ఆఫీసరూ మర్యాదకి నవ్వాడు. మా అత్తగారు నా వైపు తిరిగి, "టీ పెట్టుకురా, నిలబడ్డావేం?" అంది.

వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలో నీళ్ళు పోశాను కూడా. ముందుగదిలో మా ఆడపడుచు నా గురించి చెబుతోంది, పాపం మంచిదేనండీ, కాస్త మతిమరుపు అని. మూడేళ్ళు నేను పొద్దున్నే లేచి వెళ్ళి సంపాదించేదాని గురించి వాళ్ళు నలుగురూ మాట్లాడుకుంటున్నారు, వాళ్ళకి నేను టీ పెడుతున్నాను. స్టవ్ వెలిగించకుండానే బయటికొచ్చి, మా ఆయన ముందున్న కాగితం తీసుకున్నాను.

"నేను తీసుకోలేదండీ," అన్నాను.

"ఏయ్, మతి పోయిందా?" అని లేచాడు మా ఆయన. "నేను జైలుకి పోతే నీకేం వస్తుందే?"

"ఏమీ రాదు. పోయేది ఆగుతుంది."

మా అత్తగారు ఛీ అంది. నేను కూర్చుని ఒక్కో గడీ నింపాను. చివరి గడి దగ్గర ఆఫీసర్ గొంతు తగ్గించాడు. "ఈ పని చేసిన వ్యక్తి మీకు తెలుసా, తెలిస్తే మీకేమవుతారు అని అడుగుతారమ్మా అందులో. ఆలోచించుకోండి. ఖాళీగా వదిలేసినా నేను తీసుకుంటాను. సంసారం కదా."

"వదిలేస్తే ఏమని అర్థమండీ?"

"ఎవరో మీకు తెలియదని."

ఆ గడిలో భర్త అని రాసి కాగితం ఆయన చేతికిచ్చాను.

"నాకు తెలుసండీ," అన్నాను.